రొక్కమా, ఫోనా, అరువు పద్దా: మనసు బాగోలేని రోజున ఏది మేలు?

డబ్బు చెల్లించే పద్ధతులను పోల్చేవారు సాధారణంగా సౌకర్యాన్నీ, భద్రతనూ చూస్తారు. విజయనగరంలో చాలా ఏళ్లుగా ఇంటి పద్దు రాస్తున్న నేను మాత్రం వాటిని మరో విధంగా తూచవలసి వచ్చింది. మా లెక్క తప్పిన నెలలను వెనక్కి తిరగేస్తే, బియ్యం, నూనె ధరల కన్నా కోపం, దిగులు, సంబరం, మొహమాటం పెట్టించిన ఖర్చులే ఎక్కువగా కనిపించాయి. అందువల్ల ఇక్కడ నేను అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: మనసు చెదిరినప్పుడు చేతిని కాసేపైనా ఆపగలిగేది ఏది?

ముందుగా ఫోను సంగతి. 2016లో యూపీఐ వచ్చింది. అదే ఏడాది నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాక జనం ఫోను చెల్లింపుల వైపు మళ్లడం మొదలైంది. ఇప్పుడు మా ఊరి గంటస్తంభం దగ్గర పూలబుట్టకు కూడా క్యూఆర్ కోడ్ అట్ట కట్టి ఉంటుంది. చిల్లర గొడవ తీరింది, నిజమే. కానీ డబ్బు ఇచ్చేటప్పుడు మనసులో కలుక్కుమనే చిన్న బాధ ఒకటి ఉంటుంది. ఫోను దాన్ని దాదాపు తుడిచేసింది. ప్రెలెక్, సిమెస్టర్ అనే అమెరికా పరిశోధకులు 2001లో ప్రచురించిన ప్రయోగంలో, బాస్కెట్‌బాల్ ఆట టికెట్ల వేలంలో కార్డుతో చెల్లించవలసినవారు, రొక్కం ఇవ్వవలసినవారి కన్నా దాదాపు రెట్టింపు ధర పాడారు. అది కార్డు మాటే అయినా, చేతిలోంచి ఏదీ జారిపోతున్నట్టు తోచకపోవడం ఫోనుకూ వర్తిస్తుందని నా నమ్మకం.

దిగులుకు ఇది మరీ ప్రమాదకరం. 2004లో లెర్నర్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు విషాద దృశ్యం చూపించి, తర్వాత ఒక హైలైటర్ పెన్నుల సెట్టుకు ఎంత ఇస్తారని అడిగితే, ఆ దృశ్యం చూసినవారు మామూలు మనసుతో ఉన్నవారి కన్నా ఎక్కువ ధర చెప్పారు. ఇది నాకు కొత్తగా తోచలేదు. ఒక సాయంత్రం పనిచేసే చోట మాట పడి, కళ్లలో నీళ్లు ఆపుకుంటూ బజారు మీదుగా నడిచి వస్తూ, నలభై రూపాయల బజ్జీలు, నూట ఎనభై రూపాయల గాజులు, ఆరు వందల యాభై రూపాయల దుప్పటి, మూడుసార్లు స్కాన్ చేసి కొన్నాను. ఇంట్లో అప్పటికే దుప్పట్లు నాలుగున్నాయి. సౌండ్ బాక్స్ మూడుసార్లూ మొత్తం చదివి వినిపించింది కానీ, ఆ అంకెలు నా చెవిన పడనే లేదు.

రొక్కం దగ్గర కథ వేరు. మా అమ్మ కొంగు ముడి విప్పి, నోటును మడత తీసి, వేలు తడి చేసి కింద మరొకటి అంటుకుందేమో చూసి, అప్పుడు ఇచ్చేది. ఆ నాలుగు పనులు పూర్తయ్యేలోపు సగం వస్తువుల మీద ఆశ చల్లారేది. అయిదు వందల నోటును విడదీయడానికి మనసు ఒప్పదు. విడదీశాక మాత్రం మిగిలిన చిల్లర సాయంత్రానికి టీలకూ, పకోడీలకూ అయిపోతుంది. ఆ లోపం రొక్కానికి ఉంది. గుంపులో జేబు కొట్టేస్తారన్న భయం కూడా ఉంది.

అయినా సంబరానికి కళ్లెం వేయగలిగేది అదే. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం మా ఊళ్లో పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర, దాని ముందు రోజు తొలేళ్లు ఉత్సవం. చుట్టాలు దిగుతారు, పిల్లలు బొమ్మల దగ్గర కాలు కదపరు, వద్దనడానికి నోరు రాదు. ఆ ఆనందాన్ని లెక్కలతో చెడగొట్టాలని నేనెప్పుడూ అనుకోను. జాతర డబ్బును ముందే ఒక కవరులో వేరు చేస్తే, అది ఉన్నంతవరకు మనసారా ఖర్చు చేయవచ్చు, ఎవరినీ కసరనక్కర్లేదు.

ఇక కిరాణా కొట్టు పద్దు. "అరువు రేపు" అని బోర్డు పెట్టిన కొట్టువాడే తెలిసినవారికి పుస్తకం తెరుస్తాడు. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఇంటి మగవారు వలస వెళ్లి డబ్బు పంపేదాకా పొయ్యి వెలిగించేది ఆ పుస్తకమే గనుక, దాన్ని చిన్నచూపు చూడలేను. అయితే బాకీ ఉన్నచోట ధర అడగడానికి మొహమాటం, పక్క కొట్టుకు వెళ్లడానికి మరింత మొహమాటం. నెల జీతం చేతికొచ్చే ఇంటికి ఆ భారం అనవసరం.

నా తీర్పు ఇది: కరెంటు బిల్లు, ఫీజులు, గ్యాసు వంటి మనసుతో పనిలేని ఖర్చులకు ఫోనే మేలు, ఎందుకంటే లెక్క దానంతటదే నిలిచి ఉంటుంది. బజారు ఖర్చుకు, పండగకు, ముఖ్యంగా మనసు బాగోలేని సాయంత్రానికి రొక్కమే మేలు. మా ఇంట్లో సోమవారం ఉదయం వారానికి సరిపడా నోట్లు పోపుల డబ్బా వెనుక కవరులో పెడుతున్నాం. ఇప్పుడు శనివారానికి అందులో ఒక నోటు మిగులుతోంది.