ట్రైనర్లకు లీగల్ కోర్సు: ఫారాల కోసమైతే కొనొద్దు

పర్సనల్ ట్రైనర్లకు, గ్రూప్ క్లాసులు చెప్పేవాళ్లకు చట్టం ముందు ఉండే బాధ్యతల మీద ఒక ఆన్‌లైన్ కోర్సు పూర్తి చేశాను. కింద కాస్త తిట్టబోతున్నాను కాబట్టి పేరు చెప్పను. దీని ప్రకటన అంతా "రెడీమేడ్ వెయివర్ ఫారాలు ఫ్రీ" అన్న మాట మీదే నడుస్తుంది (వెయివర్ అంటే, దెబ్బ తగిలితే ట్రైనర్‌ది బాధ్యత కాదని క్లయింట్‌తో రాయించుకునే కాగితం), కానీ ఇందులో డబ్బు పెట్టదగ్గది స్క్రీనింగ్ పాఠం, అంటే క్లయింట్ ఆరోగ్యాన్ని ముందే అడిగి తెలుసుకోవడం గురించిన పాఠం ఒక్కటే.

ఆ పాఠం నిజంగా బాగుంది. కొత్త క్లయింట్‌తో పార్-క్యూ అనే ఏడు ప్రశ్నల ఆరోగ్య ఫారం నింపించాలని మనందరికీ తెలుసు: గుండె జబ్బుందా, ఛాతీలో నొప్పి వస్తుందా, కళ్లు తిరుగుతాయా, కీళ్ల సమస్యలున్నాయా, ఏవైనా మందులు వాడుతున్నారా, ఇలాంటివి. నింపించి ఫైల్లో పడేస్తాం, పని అయిపోయిందనుకుంటాం. అసలు కథ "అవును" అన్న టిక్కు దగ్గరే మొదలవుతుందని ఈ పాఠం చక్కగా చెప్పింది. ఛాతీలో నొప్పి వస్తుందని క్లయింట్ స్వయంగా రాసిచ్చిన కాగితం మన దగ్గర పెట్టుకుని, డాక్టర్ని కలిసి రమ్మనకుండా అదే రోజు ఇంటర్వెల్స్ (మధ్యలో కాస్త ఆగుతూ చేసే తీవ్రమైన వ్యాయామం) చేయించామంటే, రేపు ఏదైనా జరిగినప్పుడు ఎదుటి లాయర్ చేతికి సాక్ష్యం మనమే అందించినట్టు.

నిర్లక్ష్యం కేసులో చూసే నాలుగు విషయాలనూ పుస్తకం భాష లేకుండా చెప్పారు. మనకు బాధ్యత ఉందా, దాన్ని తప్పామా, తప్పడం వల్లే దెబ్బ తగిలిందా, నిజంగా నష్టం జరిగిందా. క్లయింట్ బెంచ్ ప్రెస్ చేస్తుంటే బరువు జారకుండా పట్టుకోవడానికి పక్కనే నిలబడి ఫోన్ చూసుకునే ట్రైనర్ ఉదాహరణకి నాలుగూ సరిపోతాయి. (అలాంటివాళ్లని మీరూ చూసే ఉంటారు.) తొలిరోజే క్లయింట్‌కి చుక్కలు చూపించాలనుకునే బ్యాచ్ కోసం రాబ్డోమయోలైసిస్ గురించి కూడా ఉంది. అలవాటు లేని మనిషితో శృతిమించి చేయిస్తే కండరం దెబ్బతిని అందులోని పదార్థాలు రక్తంలో కలుస్తాయి, మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారుతుంది, కిడ్నీలు పాడయ్యే ప్రమాదం ఉంటుంది. "ఒళ్లు నొప్పులు మామూలే, రేపు కూడా రండి" అని మెసేజ్ పెట్టే ముందు ఆ ఒక్క పాఠం చూడండి.

సప్లిమెంట్ల దగ్గర మాత్రం పైపైన చెప్పి వదిలేశారు. 1998లో న్యూయార్క్‌లో బీపీ ఉన్న ఒక జిమ్ సభ్యురాలు చనిపోయారు, ట్రైనర్ సూచించిన సప్లిమెంట్లలో ఎఫెడ్రా (బీపీని, గుండె వేగాన్ని పెంచే ఒక మూలిక) ఉంది, కుటుంబం వేసిన కేసు జిమ్ మెడకి కూడా చుట్టుకుంది. ఎఫెడ్రా ఉన్న సప్లిమెంట్లను అమెరికా 2004లో నిషేధించింది. జబ్బులున్నవాళ్లకి డైట్ చార్టులు రాసివ్వడం, నొప్పి చూసి "ఇది డిస్క్ ప్రాబ్లమ్" అని తేల్చడం మన పని కాదు. ఇంత ముఖ్యమైన విషయానికి ఇంకో గంట కేటాయించాల్సింది.

ఇక ఫారాలు. ఒకే వెయివర్ ఇచ్చి ఎక్కడైనా వాడుకోవచ్చంటారు, ఇది శుద్ధ తప్పు. బ్రిటన్‌లో మామూలు కస్టమర్ల విషయంలో 2015 నాటి చట్టం (అంతకుముందు 1977 నాటిది) ప్రకారం, వ్యాపారం చేసేవాళ్లు తమ నిర్లక్ష్యం వల్ల జరిగిన మరణానికి గానీ గాయానికి గానీ బాధ్యత లేదని రాయించుకున్నా చెల్లదు. న్యూయార్క్ రాష్ట్రంలోనూ ఫీజు తీసుకునే జిములు రాయించుకునే అలాంటి షరతులు చెల్లవు. వెయివర్లను ఒప్పుకునే చోట్ల కూడా ఘోరమైన నిర్లక్ష్యాన్ని అవి కాపాడటం కష్టం, మైనర్ల విషయంలో తల్లిదండ్రుల సంతకం ఉన్నా చాలాచోట్ల గ్యారంటీ లేదు. ఆ ఫారం మీ ఊరి లాయర్‌కి చూపించకుండా వాడొద్దు.

ఇన్సూరెన్స్ పాఠం మరీ పొట్టి. పాలసీ ఉన్నప్పుడు ప్రమాదం జరిగితే చాలా, లేక క్లెయిమ్ కూడా పాలసీ నడుస్తున్నప్పుడే రావాలా అన్న తేడా ఒక్క స్లైడ్‌లో దాటేశారు. వేరే దేశంలో ఉన్న క్లయింట్‌కి వీడియో కాల్‌లో ట్రైనింగ్ ఇస్తే కవర్ అవుతుందా అన్న ఊసే లేదు.

సొంతంగా క్లయింట్లను చూసుకునేవాళ్లు స్క్రీనింగ్ పాఠం కోసం తీసుకోవచ్చు. జిమ్‌లో పనిచేసేవాళ్లయితే ముందు ఆ జిమ్ పాలసీలో మీరు కూడా ఉన్నారా, లేక మిమ్మల్ని కాంట్రాక్టర్ల కింద లెక్కేసి బయట పెట్టారా అని ఆఫీసులో అడిగి రాతపూర్వకంగా తీసుకోండి, ఈ కోర్సు దాని గురించి నోరే ఎత్తదు.