పాత రాకెట్ కిట్: రెక్కలు మనమే కోసుకోవాలి

1970ల నాటి మోడల్ రాకెట్ కిట్ (మనమే కట్టి ఎగరేసే బుల్లి రాకెట్), సీలు కూడా తీయలేదు. అట్ట గొట్టం, నోస్ కోన్ (ముందు మొన) దివ్యంగా ఉన్నాయి. మొనను గొట్టానికి కట్టి ఉంచే షాక్ కార్డ్ రబ్బరు మాత్రం లాగగానే పుటుక్కున తెగింది, కొత్త ఎలాస్టిక్ వేశాను. పసుపెక్కిన డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అతికించే బొమ్మలు) మీద క్లియర్ లక్కర్ ఒక పూత కొట్టి, ఆరాకే నీళ్లలో వేశాను. ముక్కలవకుండా అతుక్కున్నాయి.

ఇప్పటి కిట్లలో లేజర్‌తో కోసిన రెక్కలొస్తున్నాయి. ఇందులో బాల్సా (తేలికైన చెక్క) పలక మీద గీతలే ఉంటాయి, బ్లేడు మన చేతిలో. చెక్క చారలు రెక్క ముందంచు వెంబడే సాగాలి. అడ్డంగా కోస్తే నేల తగలగానే విరుగుతాయి. ఆ తర్వాత చెక్క రంధ్రాలు పూడ్చే సీలర్ పూయడం, ఉప్పుకాగితంతో రుద్దడం, మళ్లీ పూయడం. విసుగు పనే, కానీ నాకు బాగా నచ్చింది ఇదే.

కిట్‌తో పాత మోటార్లు దొరికినా ముట్టుకోకండి. ఏళ్ల తరబడి వేడీ చలీ మారి లోపలి మందు బీటలిస్తే, వెలిగించగానే పేలొచ్చు. నేను కొత్త బి6-4 రకం మోటారు పెట్టాను. చివరి 4 అంటే మందు కాలిపోయాక నాలుగు సెకన్లకు పారాచూట్‌ను బయటికి నెట్టడం. తిన్నగా లేచింది, సరిగ్గా పైన ఊపు తగ్గేవేళకే గొడుగు విచ్చుకుంది. గాలికి కాస్త పక్కకు కొట్టుకుపోయిందనుకోండి, అది దీని తప్పు కాదు.

మొదటిసారి కట్టేవాళ్లు కొత్త కిట్టే కొనుక్కోండి. ఓపికుంటే ఈ పాత కిట్‌ను వదులుకోవద్దు.