‘ఉప్పు తగినంత’ అంటే ఎంత? ఏడేళ్ళుగా వంటింట్లో కాటా వాడాక

"అక్కా, నువ్వు చెప్పినట్టే చేశా. రాయిలా వచ్చింది."

మా చెల్లి ఇలా ఫోన్ చేసిన రోజునే నాకు కాటా కొనాలన్న ఆలోచన వచ్చింది. తను చేసింది బ్రెడ్. నేను చెప్పిన కొలత: మూడు కప్పుల పిండి, ఒక కప్పు నీళ్ళు, ఉప్పు తగినంత. ఇద్దరి దగ్గరా ఉన్నవి ఒకే రకం కొలత కప్పులు. మరి తేడా ఎక్కడొచ్చిందో తెలియక వీడియో కాల్‌లో మళ్ళీ చేయించాను. అప్పుడు కనబడింది. నేను పిండిని చెంచాతో పొడిపొడిగా కప్పులోకి వేసి పైన గీస్తాను. తను కప్పునే డబ్బాలో ముంచి, అదిమి తీస్తుంది. నా కప్పులో పట్టేది సుమారు 120 గ్రాములు. అదిమితే అదే కప్పులో 150 పడుతుంది. మూడు కప్పులకి నాది 360, తనది 450. నీళ్ళు మాత్రం ఇద్దరివీ 240. బ్రెడ్ రాయి కాక ఏమవుతుంది?

ఆ వారమే ఒక డిజిటల్ కాటా తెచ్చాను. 5 కిలోల దాకా తూచేది, ఒక్కో గ్రాము చొప్పున చూపించేది, పైన గాజు పలక. ఇప్పుడు వాడుతున్నది అది కాదు. రెండో ఏడాదిలో గట్టు తుడుస్తుంటే బటన్ల కింద నీళ్ళు చేరి అది పోయింది. రెండోది స్టీలు పలకది, ఐదేళ్ళు దాటింది. ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే మామూలు వంటింటి కాటాల మధ్య తేడా పేరులో కంటే బటన్ల అమరికలోనూ బ్యాటరీలోనూ ఎక్కువ ఉంటుందని నా అనుభవం.

దీని అసలు సుఖం కొలతలో కాదు, గిన్నెలు కడగడంలో ఉంది. ఒక గిన్నె పెట్టి జీరో నొక్కుతాను, పిండి వేస్తాను, మళ్ళీ జీరో, నీళ్ళు, మళ్ళీ జీరో, నూనె. నూనె అంటిన కప్పు, తేనె అంటిన చెంచా అనే బాధే లేదు. తేనెకైతే ఇంకో చిట్కా ఉంది. సీసానే కాటా మీద పెట్టి జీరో చేసి, అందులోంచి కావలసినంత వంపేసి, సీసాని తిరిగి పెడితే మైనస్ 40 అని చూపిస్తుంది. తీసింది 40 గ్రాములన్నమాట. ఇది తెలియడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళలో ఎన్ని చెంచాలు వేడినీళ్ళలో నానబెట్టానో.

ఇంకోటి, నేను ఎవరికి చెప్పినా మొదట నవ్వి తర్వాత వాళ్ళూ చేసేది. మా ఇంట్లో రోజూ వాడే గిన్నెల ఖాళీ బరువులన్నీ ఒక కాగితం మీద రాసి, అల్మరా తలుపుకి లోపలివైపు అంటించాను. మూకుడు 1,140. పెద్ద సూప్ గిన్నె 1,865. వంట అయ్యాక గిన్నెతో సహా తూచి అందులోంచి ఇది తీసేస్తే, కూర ఎంత తయారైందో తెలుస్తుంది. నలుగురికి సమానంగా పంచాలన్నా, సగం ఫ్రీజర్‌లో పెట్టాలన్నా అంచనాలు అక్కర్లేదు. అన్నిటికంటే ముఖ్యం, ఉప్పు.

ఉప్పు దగ్గర ఆగి చెప్పాల్సింది ఉంది. అమ్మ మా ఇంటికొచ్చినప్పుడు వంట తనే చేస్తానంది. సరే, కానీ గిన్నెలో వేసే ముందు చేతిలో తీసిన ఉప్పుని ఒక్కసారి కాటా మీద వెయ్యమన్నాను. విసుక్కుంటూనే వేసింది. 11 గ్రాములు. మర్నాడు 12. ఆ మర్నాడు మళ్ళీ 11. గ్రాము తేడాతో అదే చెయ్యి! మరి మా ఇంట్లో అమ్మ చేసిన కూరలన్నీ ఉప్పగా ఎందుకున్నాయి? చెయ్యి తప్పలేదు, ఉప్పు మారింది. అమ్మ వాడేది గరుకుగా ఉండే ఉప్పు, మా ఇంట్లోది మెత్తటిది. మెత్తటి ఉప్పు ఒక టీస్పూను 6 గ్రాముల దాకా తూగుతుంది. పెళుసుగా, రేకుల్లా ఉండే రకాలు కొన్నయితే అందులో సగమే. చేతికి తెలిసేది పరిమాణం, నాలుకకి తెలిసేది బరువు. అమ్మ వాళ్ళింటి ఉప్పు తెచ్చి అదే చేత్తో తీయిస్తే 8 వచ్చింది. అప్పటిదాకా "ఈ కాటా నాకెందుకే" అన్న అమ్మ, ఆ సంఖ్య చూసి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అయితే మీ ఉప్పే మంచిది కాదు" అంది.

అప్పటినుంచి నేను ఎవరికి వంట చెప్పినా ఉప్పుని శాతంలో చెబుతున్నాను. బ్రెడ్‌కి పిండి బరువులో 2 శాతం. కూరగాయలు ఉప్పులో ఊరబెట్టాలంటే వాటి బరువులో 2 నుంచి 2.5 శాతం, ఇక్కడ మాత్రం తగ్గించకూడదు, తగ్గితే పాడైపోతాయి. సూప్ లాంటి వాటికి మొత్తం బరువులో 0.8తో మొదలుపెట్టి రుచి చూసి పెంచుకోవచ్చు. ఎవరి ఇంట్లో ఏ ఉప్పు ఉన్నా, ఏ గిన్నె ఉన్నా ఇది మారదు.

బయట తిన్నవి ఇంట్లో చెయ్యాలనే పిచ్చి నాకు మొదటినుంచీ ఉంది. ఒక చోట తాగిన పుట్టగొడుగుల సూప్ కోసం నాలుగు వారాంతాలు పోగొట్టుకున్నాను. పుట్టగొడుగులు మార్చాను, ఉల్లిపాయ ఎక్కువసేపు వేయించాను, మీగడ మార్చాను. వాసన వస్తోంది, ఆ రుచి రావడం లేదు. చివరికి మిగతావన్నీ అలాగే ఉంచి, గిన్నె తూచి, ఉప్పుని 0.8 నుంచి ఒక్కో మెట్టు పెంచుకుంటూ పోయాను. 1.1 శాతం దగ్గర, అదే! రహస్య మసాలా ఏదో ఉందనుకున్నాను, ఉన్నది ఉప్పూ వెన్నా. తర్వాత లెక్కేశాను. అక్కడ ఇచ్చే గిన్నెలో 350 గ్రాముల సూప్ పట్టినా అందులో ఉప్పు దాదాపు 4 గ్రాములు. పెద్దవాళ్ళు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇప్పుడు ఇంట్లో 0.9 దగ్గర ఆపుతున్నాను. బయటికి వెళ్ళినప్పుడు మాత్రం ఆ సూపే తాగుతాను, లెక్కలు వెయ్యను.

అన్నం సంగతి కూడా కాటా వల్లే తెలిసింది. ఇద్దరికి వండితే చక్కగా వచ్చేది, పదిమందికి అదే కొలతతో వండితే ముద్దయ్యేది. బియ్యం పీల్చుకునే నీళ్ళు వేరు, ఆవిరై పోయే నీళ్ళు వేరు. బియ్యం ఐదింతలయితే పీల్చుకునేవీ ఐదింతలవుతాయి. ఆవిరి మాత్రం గిన్నె మూతిని బట్టి, మంట మీద ఉన్న సమయాన్ని బట్టి పోతుంది, ఐదింతలు కాదు. వండేముందు, వండాక గిన్నె తూచి చూస్తే మా మూత పెట్టిన గిన్నెలో ఆవిరి చిన్న వంటకీ పెద్ద వంటకీ పెద్దగా మారలేదు. ఆ కాస్తనీ వేరుగా కలుపుకుంటే చాలు. దీన్ని చెల్లికి చెప్పబోతే "నాకు వేలితో కొలిచే పద్ధతి బాగానే ఉందక్కా" అంది. నిజమే, వేలి కొలతలో జరిగేదీ సుమారుగా ఇదే.

ఇక చిరాకులు. మొదటిది ఆటో ఆఫ్. నా పాత కాటా రెండు నిమిషాలు కదలిక లేకపోతే ఆరిపోయేది. పిండి వేసి, ఉల్లిపాయ తరిగి వచ్చేసరికి తెర నల్లగా ఉండేది. మళ్ళీ వెలిగిస్తే గిన్నెతో సహా జీరో. అంతవరకు వేసింది ఎంతో దేవుడికే తెలియాలి. అల్మరా తలుపు మీద ఆ కాగితం పుట్టిందే ఈ కోపంలో.

రెండోది కనిపెట్టడానికి చాలా కాలం పట్టింది. నూనెని సన్నటి ధారగా పోస్తుంటే అంకె కదలదు. పోస్తూనే ఉన్నా జీరో దగ్గరే ఉంటుంది. కాటా తనంతట తాను చిన్నచిన్న మార్పుల్ని సవరించుకుని జీరో దగ్గరే నిలబడేలా చేసి ఉంటారు, బరువు లేనప్పుడు అంకెలు ఊగకుండా. మరీ మెల్లగా పోస్తే మన నూనెని కూడా ఆ ఊగులాట కిందే లెక్కేసి మింగేస్తుంది. కాస్త ధారాళంగా పొయ్యాలి, లేదా సీసాని పెట్టి మైనస్ పద్ధతిలో తియ్యాలి.

మూడోది మిల్లీలీటర్ల బటన్. నా కాటాలో అది ఉత్త మాయ. నీళ్ళకైతే 1 గ్రాము 1 మిల్లీలీటరే, సరిపోతుంది. నూనె 100 మిల్లీలీటర్లు సుమారు 92 గ్రాములే ఉంటుంది, తేనె 140 దాకా ఉంటుంది. గిన్నెలో ఏముందో కాటాకి తెలియదు కదా.

వేడి గిన్నె నేరుగా పెట్టకండి. పలక కింద ఒక చిన్న లోహపు కడ్డీ ఉంటుంది. బరువు పడితే అది కంటికి కనబడనంత వంగుతుంది. దాని మీద అతికించిన సన్నటి తీగల పట్టీ సాగి, అందులో విద్యుత్ నిరోధం మారుతుంది, ఆ మార్పే మనకి గ్రాములుగా కనబడుతుంది. 1938లో అమెరికాలో సిమన్స్, రూజ్ అనే ఇద్దరు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఈ పట్టీని కనిపెట్టారు. వేడి తగిలినా ఆ నిరోధం మారుతుంది, అందుకే పొయ్యి మీద నుంచి దించిన సూప్ గిన్నె పెడితే అంకె పాకుతూ ఉండేది. ఇప్పుడు మందపాటి చెక్క పీట వేసి, జీరో చేసి, దానిమీద పెడుతున్నాను. ఒకసారి మా చెల్లెలి కొడుకు తన బలం ఎంతో చూద్దామని రెండు చేతులతో పలకని నొక్కాడు. తెర మీద ఏవో గీతలు వచ్చాయి. భయపడి, లీటరు నీళ్ళు కొలిచి పోసి చూశాను, 998. బతికిపోయింది. మీ కాటా మీద అనుమానం వస్తే ఇలా నీళ్ళతో చూసుకోవడమే తేలిక. ముందు బ్యాటరీ మార్చి చూడండి, సగం అనుమానాలు అక్కడే తీరతాయి.

మొదటి ఏడాది నేను అన్నీ తూచాను. ఉల్లిపాయలు, టమాటాలు, మిరియాలు, అన్నీ. కూర కోసం 180 గ్రాముల టమాటా అని సగం ముక్క వెనక్కి తీస్తుంటే మా ఆయన చూసి "ఆ ముక్క ఏం పాపం చేసింది?" అన్నారు. టమాటా ఒక్కోటి ఒక్కో పులుపు. బరువు సరిపోయినంత మాత్రాన పులుపు సరిపోదు, నాలుకే చూడాలి. కారం అంతే, నిమ్మకాయ అంతే. ఇప్పుడు తూచేవి పిండి, బియ్యం, నీళ్ళు, ఉప్పు, పంచదార, కొవ్వు. మిగతావి చేతికే వదిలేశాను.

చెల్లికి మళ్ళీ పంపిన బ్రెడ్ కొలత ఇది, మీరూ చెయ్యచ్చు. పిండి 400 గ్రాములు, నీళ్ళు 290, ఉప్పు 8, ఇన్‌స్టంట్ యీస్ట్ పావు టీస్పూను. చెంచాతో కలిపి, మూతపెట్టి, రాత్రంతా 12 గంటల పైన వదిలెయ్యండి. పిసకక్కర్లేదు. ఉదయం మడిచి గుండ్రంగా చేసి గంటసేపు ఆగి, ఓవెన్‌లో ముందే బాగా వేడిచేసిన మూతగిన్నెలో వేసి 230 డిగ్రీల దగ్గర మూతతో అరగంట, మూత తీసి మరో పావుగంట. యీస్ట్‌ని గ్రాముల్లో రాయకపోవడానికి కారణం ఉంది. పావు టీస్పూను అంటే గ్రాముకి కొంచెం తక్కువ, అంత చిన్న బరువుని ఈ కాటా గుర్తించనే గుర్తించదు. దానికి 0.1 గ్రాము చూపించే చిన్న జేబు కాటా ఒకటి కొన్నాను, ఫ్యాన్ గాలికి కూడా దాని అంకెలు ఊగుతాయి. అది సొరుగులోనే ఉంటోంది. చెంచాతోనే పని జరుగుతోంది.

ఇప్పుడున్నది పోతే మళ్ళీ కొంటాను. ఈసారి చూసుకునేవి మూడే. పెద్ద పళ్ళెం పెట్టినా అంకె కనబడేలా తెర బయటికి జరిగేది, మామూలు రిమోట్‌లో వేసే సన్న బ్యాటరీలు పట్టేది, ఐదు నిమిషాలైనా ఆరిపోకుండా ఉండేది. నిన్న చెల్లి ఒక ఫోటో పంపింది. కాటా మీద గిన్నె, తెర మీద 8. కింద "తగినంత వేశా" అని రాసింది.