సెకండ్ హ్యాండ్ మ్యాక్‌బుక్ కొంటున్నారా? ఫార్మాట్ చేసినా పోని కంపెనీ తాళం ఒకటుంది, జాగ్రత్త

విండోస్ వదిలేసి మ్యాక్‌కి మారదామని బెంగళూరులో సెకండ్ హ్యాండ్ మ్యాక్‌బుక్ కోసం తిరుగుతున్నవాళ్ళు డబ్బు ఇచ్చే ముందు ఒక్క పని చేయించండి. మీ కళ్ళ ముందే ఆ మ్యాక్‌ని పూర్తిగా ఎరేజ్ చేయించి, మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి, మొదటి నుంచి సెటప్ చేయమనండి. మధ్యలో ఏదైనా కంపెనీ పేరు, దాని లాగిన్ అడిగే పేజీ వస్తే కొనకండి. "ఇప్పుడే చేసి పెట్టాం అన్నా, మళ్ళీ ఎందుకు" అన్నారంటే ఇంకేం మాట్లాడకుండా మెట్లు దిగి వచ్చేయండి. చదివే ఓపిక లేనివాళ్ళకి ఇంతవరకు చాలు. మిగతావాళ్ళకి అసలు జరిగింది చెబుతాను.

మా ఇంట్లో ఉన్నది 7వ తరం ఇంటెల్ ప్రాసెసర్ ల్యాప్‌టాప్. ఎస్‌ఎస్‌డీ వేయించాను, ర్యామ్ పెంచాను, ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది. కానీ విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11కి పోదామంటే ఇంటెల్‌లో 8వ తరం నుంచే అధికారికంగా ఒప్పుకుంటుంది, దానికి తోడు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. మా ఆవిడ ఆన్‌లైన్‌లో లెక్కల ట్యూషన్ చెబుతుంది. ఎలాగూ కొత్తది తీసుకోవాలి కదా, ఈసారి మ్యాక్ చూద్దాం అనుకున్నాం. కొత్తది మా బడ్జెట్‌లో లేదు. అందుకని ఎస్పీ రోడ్డు.

బెంగళూరులో ఉండేవాళ్ళకి ఎస్పీ రోడ్డు గురించి చెప్పక్కర్లేదు. చిక్కపేట మెట్రోలో దిగి నడిస్తే చాలు, కేబుల్ ముక్క దగ్గర నుంచి సర్వర్ దాకా ఏదైనా దొరుకుతుంది. విండోస్ 10 గడువు అయిపోయాక అక్కడ ఎక్కడ చూసినా "విండోస్ టు మ్యాక్ ఎక్స్చేంజ్" బోర్డులే. నేను వెళ్ళిన షాపు మూడో అంతస్తులో ఉంది. పేరు రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. కౌంటర్ దగ్గర కుర్రాడు నా మాట వినగానే "ఏ ఊరన్నా మీది?" అన్నాడు. మదనపల్లె అన్నాను. "మాది పీలేరన్నా, పక్కనే కదా! మనోళ్ళకి ఎక్కువ చెప్తానా" అని టీ తెప్పించాడు. ఈ నగరంలో మన యాసలో ఎవరైనా మాట్లాడితే మనకి సగం అనుమానాలు అక్కడే పోతాయి. ఆ సంగతి వాళ్ళకీ తెలుసు.

యాపిల్ సొంత ఎం1 చిప్ ఉన్న మ్యాక్‌బుక్ ఎయిర్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజ్. 39,000 చెప్పి 36,500కి దిగాడు. గీతలు లేవు, కీబోర్డు శుభ్రంగా ఉంది. నేను చూడాల్సినవి చూశాను. బ్యాటరీ సైకిల్స్, అంటే ఎన్నిసార్లు ఛార్జ్ అయిందో చూశాను. పోయిన మ్యాక్‌ని వెతికిపెట్టే ఫైండ్ మై ఆఫ్‌లో ఉందా అని చూశాను. సీరియల్ నంబర్‌ని యాపిల్ వారంటీ పేజీలో కొట్టి చూశాను, మోడల్ సరిపోయింది. పాత ఓనర్ యాపిల్ అకౌంట్ ఏదీ లేదు. ఇంటర్నెట్‌లో ఎవరిని అడిగినా చెప్పే పరీక్షలు ఇవే. అన్నిట్లో పాసైంది.

కొన్ని వారాలు నేను వాడాను. తర్వాత మా ఆవిడకి కొత్త అకౌంట్‌తో ఇద్దామని సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఎరేజ్ ఆల్ కంటెంట్ కొట్టాను. మ్యాక్ మళ్ళీ లేచింది, భాష అడిగింది, వైఫై అడిగింది. వైఫై ఇవ్వగానే రిమోట్ మేనేజ్‌మెంట్ అని ఒక పేజీ వచ్చింది. కింద ఒక పెద్ద కంపెనీ పేరు, ఈ మ్యాక్‌ని ఆ కంపెనీ కాన్ఫిగర్ చేస్తుందని ఒక వాక్యం. ముందుకు పోవాలంటే ఆ కంపెనీ ఉద్యోగి లాగిన్ కావాలి. వెనక్కి వెళ్ళినా అదే పేజీ, రీస్టార్ట్ చేసినా అదే పేజీ. మ్యాక్‌ని బాగుచేసుకునే రికవరీ మోడ్‌లోకి వెళ్ళి మ్యాక్‌ఓఎస్ (మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్) మొత్తం మళ్ళీ ఎక్కించినా అదే పేజీ.

ఇది పాస్‌వర్డ్ తాళం కాదు, డిస్కులో ఉండేదీ కాదు. కంపెనీలు యాపిల్ దగ్గర గానీ డీలర్ దగ్గర గానీ టోకున మ్యాక్‌లు కొన్నప్పుడు, ఆ సీరియల్ నంబర్లు యాపిల్ బిజినెస్ మేనేజర్ అనే చోట ఆ కంపెనీ పేరు మీద నమోదవుతాయి. మ్యాక్ కొత్తగా సెటప్ అయ్యే ప్రతిసారీ నెట్‌కి కలవగానే యాపిల్ సర్వర్‌ని "నేను ఎవరి దాన్ని?" అని అడుగుతుంది. జవాబు అక్కడి నుంచి వస్తుంది. ఇంటికి రంగులేసి తలుపు తాళం మార్చినంత మాత్రాన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పేరు మారదు కదా, ఇదీ అంతే. కంపెనీ అడ్మిన్ తన అకౌంట్‌లోకి వెళ్ళి ఆ సీరియల్‌ని రిలీజ్ చేస్తేనే పేరు పోతుంది. షాపువాడు తీయలేడు. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళినా "కంపెనీని అడగండి" అనే చెబుతారు.

మరి అన్ని వారాలు ఎలా పనిచేసింది? అమ్మేవాళ్ళు రికవరీ మోడ్‌లోకి వెళ్ళి, ఆ ప్రశ్న అడిగే యాపిల్ సర్వర్ల దారి మూసేసి, అప్పుడు యూజర్ అకౌంట్ తయారు చేస్తారు. ఇక మ్యాక్‌కి తాను ఎవరిదో అడిగే దారి ఉండదు. మామూలుగా నడుస్తుంది. ఎరేజ్ చేసిన రోజున ఆ అడ్డు కూడా తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే షాపుల్లో మీకు ఎప్పుడూ సిద్ధంగా లాగిన్ అయి ఉన్న మ్యాక్‌నే చూపిస్తారు. "యూజర్ నేమ్ మీకు కావాల్సింది పెట్టిస్తా అన్నా" అని తెగ మర్యాద చేస్తారు కూడా.

వారంటీ పేజీలో ఈ విషయం కనిపించదు. ఫైండ్ మై, దానితో పడే యాక్టివేషన్ లాక్ వేరు, ఇది వేరు. అవి మనిషి యాపిల్ అకౌంట్‌కి సంబంధించినవి, ఇది సంస్థకి. ఫోన్లకైతే ఐఎంఈఐ కొట్టి సంచార్ సాథీలో చూసుకోవచ్చు. ల్యాప్‌టాప్‌కి ఐఎంఈఐ ఉండదు కాబట్టి ఆ దారీ లేదు.

షాపుకి తీసుకెళ్ళాను. టీ లేదు ఈసారి. "మీరెందుకు ఎరేజ్ చేశారు అన్నా? అది సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం, మ్యాక్ అంటే అంతే" అన్నాడు. కొంచెం గట్టిగా అడిగితే "3,000 ఇవ్వండి, బైపాస్ చేసిస్తాం, మళ్ళీ ఎరేజ్ మాత్రం చేయొద్దు" అన్నాడు. అంటే వాడికి ముందే తెలుసు. బిల్లు చూపిస్తే, అందులో చేత్తో "యూజ్డ్ ల్యాప్‌టాప్ 1" అని రాసి ఉంది, సీరియల్ నంబర్ లేదు. కింద ఎర్ర అక్షరాలతో "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు". నేను యూపీఐలో కట్టాను కాబట్టి సరిపోయింది, లేకపోతే "ఇది మా షాపుదే కాదు" అనేవాడేమో.

పేజీ మీద కనిపించిన కంపెనీ ఐటీ విభాగానికి సీరియల్ నంబర్‌తో మెయిల్ పెట్టాను. నా ఆశ ఏమిటంటే, లీజు అయిపోయి వేలంలో అమ్మేసిన మెషీన్ అయితే, రిలీజ్ చేయడం మర్చిపోయి ఉంటారు, చెప్తే చేసేస్తారు. నిజానికి చాలాసార్లు అలాగే జరుగుతుంది, కాబట్టి మీకు ఈ పరిస్థితి వస్తే ముందు ఆ మెయిల్ పెట్టి చూడండి. నా విషయంలో జవాబు వేరుగా వచ్చింది. ఆ మెషీన్ మేము అమ్మినవాటి జాబితాలో లేదు, తిరిగి రాని ఆస్తిగా మా రికార్డుల్లో ఉంది, దయచేసి అప్పగించండి అని. ఉద్యోగం మానేసిన వాళ్ళెవరో ఇవ్వకుండా అమ్మేశారా, దొంగతనమా, నాకు తెలియదు, అడిగినా వాళ్ళు చెప్పలేదు. దొంగ సరుకని తెలిశాక కూడా దగ్గర పెట్టుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కిందకి వస్తుంది. మా ఆవిడ ఒకటే మాట అంది, "ఇచ్చేసి రండి, టెన్షన్ వద్దు." ఆ కంపెనీ ఆఫీసులో అప్పగించి, సీరియల్ నంబర్ రాయించి, స్టాంపు వేసిన రసీదు తీసుకున్నాను.

ఇప్పుడు షాపువాడి వాదన వినండి. "సరుకు మీ దగ్గర లేదు, మరి డబ్బెలా వాపసు ఇస్తాం?"

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల లోపు కొనుగోళ్ళకి అక్కడ ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే వేయొచ్చు, రెండేళ్ళ లోపు వేయాలి. "వాపసు తీసుకోబడదు" అన్న ఎర్ర అక్షరాలకి భయపడకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపం ఉన్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. అందుకే 30 రోజులు దాటకముందే వాట్సాప్‌లో అయినా సరే, రాతపూర్వకంగా అడగండి. ఫోన్లో అరుచుకుంటే ఏ ఆధారమూ మిగలదు.

రీఫర్బిష్డ్ అంటేనే మోసం అని నేను అనడం లేదు. ఈ ఊళ్ళో కంపెనీలు మూడేళ్ళకోసారి ల్యాప్‌టాప్‌లు మారుస్తాయి, మంచి సరుకు నిజంగానే బయటికి వస్తుంది. కానీ "కంపెనీ సరుకు అన్నా, సర్టిఫికెట్ ఉంది" అని ఒక కాగితం చూపిస్తారు చూడండి, దాన్ని సరిగ్గా చదవండి. చాలావరకు అది డేటా వైప్ సర్టిఫికెట్. డిస్కులో డేటా తుడిచారని మాత్రమే దానికి అర్థం. సీరియల్ రిలీజ్ అయిందని కాదు. బిల్లు మీద సీరియల్ నంబర్, "సంస్థాగత లాక్ ఉంటే పూర్తి వాపసు" అన్న ఒక్క వాక్యం రాయించుకోండి. రాయడానికి ఒప్పుకోని షాపులు ఎన్నున్నాయో మీకే తెలుస్తుంది.

ఇది మ్యాక్‌లకే అనుకోకండి. కంపెనీల నుంచి వచ్చిన విండోస్ ల్యాప్‌టాప్‌లలో కొన్నిటికి ఆటోపైలట్ అని ఇలాంటిదే ఉంటుంది. విండోస్ మళ్ళీ ఎక్కించి నెట్‌కి కలిపితే, ఫలానా కంపెనీకి స్వాగతం అంటూ ఆఫీసు మెయిల్ అడుగుతుంది. విండోస్ కంటే ముందే వచ్చే బయాస్ సెట్టింగ్స్‌కి పాస్‌వర్డ్ ఉందేమో కూడా చూసుకోండి, పరీక్ష మాత్రం అదే, ఎరేజ్ చేసి నెట్‌కి కలపడం.

ఇంకొకటి. నేను కొన్నానని విని అనంతపురంలో డీటీపీ సెంటర్ నడిపే మా బావ కూడా ఒకటి తీసుకుంటానన్నాడు. షాపువాడికి ఫోన్ చేస్తే "అన్నీ నడుస్తాయి అన్నా" అన్నాడట. "బావా, ఆగు" అన్నాను. మా బావ పని మొత్తం తెలుగు టైపింగ్‌కి వాడే అను స్క్రిప్ట్ మేనేజర్, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ మీద. వాటికి విండోస్ కావాలి. అను ఫాంట్లలో ఉన్న పాత ఫైళ్ళు యూనికోడ్ (ఎక్కడైనా ఒకేలా కనిపించే అక్షరాల పద్ధతి) కావు, ఆ ఫాంట్ లేని చోట తెరిస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి. లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ కూడా విండోస్‌కే. ఎం1 నుంచి వచ్చిన యాపిల్ చిప్ మ్యాక్‌లలో, మ్యాక్‌లో విండోస్ కూడా వేసుకోనిచ్చే బూట్ క్యాంప్ లేదు కాబట్టి, పక్కన విండోస్ వేసుకుందాం అనే పాత చిట్కా పనిచేయదు. విండోస్ పద్ధతిలో (ఎన్‌టీఎఫ్‌ఎస్) ఫార్మాట్ చేసిన హార్డ్ డిస్కుని మ్యాక్ చదువుతుంది గానీ, విడిగా సాఫ్ట్‌వేర్ వేయకుండా అందులో రాయదు. తెలుగు టైపింగ్ మాత్రం ఇబ్బంది లేదు, కీబోర్డు లేఅవుట్లు మ్యాక్‌లోనే ఉన్నాయి. ట్యూషన్లకీ బ్రౌజర్ పనికీ మ్యాక్ హాయిగా ఉంటుంది. మా బావ లాంటివాళ్ళకి మాత్రం ఉన్న పని కూడా ఆగిపోతుంది.

పాతికవేల లోపు దొరికే ఇంటెల్ మ్యాక్‌లని అసలు ముట్టుకోకండి. ఇంటెల్ మ్యాక్‌లకి మ్యాక్‌ఓఎస్ 26 టహోనే ఆఖరిదని యాపిల్ 2025 జూన్‌లోనే చెప్పేసింది, అది కూడా 2019, 2020 మోడళ్ళలో కొన్నిటికే. విండోస్ సపోర్ట్ పోయిందని మారి, మళ్ళీ సపోర్ట్ పోయే మెషీన్ కొనడం దేనికి?

మేము ప్రస్తుతానికి పాత ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాం. విండోస్ 10కి ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ అని 2026 అక్టోబర్ 13 వరకు ఇస్తున్నారు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. ఆ లోపు విండోస్‌కి బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్‌ని పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూస్తున్నాను, ఇన్‌స్టాల్ చేయకుండానే చూడొచ్చు, పాత మెషీన్ మీద తేలిగ్గా ఉంది.

ఇప్పటికే ఇలాంటి మ్యాక్ కొని వాడుతున్నవాళ్ళు ఉంటే, హడావిడిగా ఎరేజ్ కొట్టకండి. ముందు ఫోటోలు, ఫైళ్ళు అన్నీ బయటి డిస్కుకి కాపీ చేసుకోండి. బిల్లు, యూపీఐ స్క్రీన్‌షాట్, షాపువాడితో చాట్ భద్రం చేసుకోండి. ఆ తర్వాత ఎరేజ్ చేసి, నెట్‌కి కలిపి, వచ్చే ప్రతి పేజీనీ ఫోన్లో వీడియో తీయండి. కొని 30 రోజులు దాటకుండా ఉంటే ఈ పని ఈ రోజే చేయండి.