నైరోబీలో రెండు వారాలు: సైగలతో నేర్పే వడ్రంగం

ఇరవై ఏళ్లు ఐటీఐలో వడ్రంగం నేర్పాను. మొన్న జూలైలో కెన్యా రాజధాని నైరోబీ వెళ్లి, వినికిడి లేని యువతకు కొయ్యపని నేర్పే ఒక చిన్న వర్క్‌షాప్‌లో రెండు వారాలు ఉన్నాను. అలాంటి పనికి వెళ్లాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు బస సంగతి. భోజనానికి ఇబ్బంది ఉండదని పార్క్‌లాండ్స్‌లో గెస్ట్‌హౌస్ తీసుకున్నాను. అక్కడ మన దేశం నుంచి ఎప్పుడో వెళ్లి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి, శాకాహారానికి లోటు లేదు. కానీ వర్క్‌షాప్ ఊరికి అటు చివర, కరెన్ వైపు. సాయంత్రం మటాటు అనే వ్యానులో తిరిగి రావడానికి గంటన్నర పట్టేది. దానికి తోడు గీజర్ మూడు రోజులు పనిచేయలేదు. నైరోబీ 1,700 మీటర్ల ఎత్తున ఉంది, జూలై తెల్లవారుజామున చన్నీళ్లు పోసుకోలేం. నాలుగో రోజు న్గోంగ్ రోడ్డు దగ్గర ఒకరింట్లో గదికి మారాను. పప్పన్నం దొరకలేదు గానీ ఉగాలి అంటే మొక్కజొన్న సంకటే, సుకుమా వికీ ఆకుకూరతో హాయిగా తిన్నాను. నా సలహా: పనికి దగ్గరలోనే ఉండండి.

వర్క్‌షాప్‌లో బల్లలు గుర్రపు నాడాలా వేసి ఉంటాయి, అందరికీ అందరి చేతులూ కనబడాలి కదా. మొదటి రోజే తప్పు చేశాను. ఉలి కొడుతూ వివరించడం నా అలవాటు. అక్కడ ఉలి పట్టుకుంటే మాట ఆగిపోతుంది, పిల్లలు సైగలు చూస్తుంటే పని చూడలేరు. చేసి చూపాలి, ఉలి కింద పెట్టాలి, అప్పుడు చెప్పాలి. ఒక చెక్క కొసను ఇంకో చెక్క రంధ్రంలో దూర్చి బిగించే అతుకే కుసి, బెజ్జం. గంటలో అయిపోతుందనుకున్న ఆ పాఠానికి మూడు పూటలు పట్టింది. ఆ సమయం వృథా కాలేదు. ఒక్కరూ ఏదీ వదిలేయలేదు.

అక్కడి మాస్టారికీ వినబడదు. చిత్రిక పడుతుండగా పిల్లవాడి అరచేతిని చెక్క మీద పెట్టించారు. పదును పోతే అదురు మారుతుంది. ఇన్నేళ్లూ నేను చప్పుడును బట్టే పోల్చుకున్నాను. రంపం మొద్దుబారిందని కాలిన మరక, వాసన చెబుతాయి. మెషిన్ దగ్గర ఉన్నవాళ్లను వెనక నుంచి ముట్టుకోకూడదు, లైటు ఆర్పి వెలిగిస్తారు. నాకు నచ్చనిది ఒక్కటే: పొట్టు లాగే యంత్రం పాడై ఉంది. మాస్క్ పెడితే ముఖం కనబడదు, సైగల భాషలో సగం అర్థం ముఖంలోనే ఉంటుంది. అందుకని పిల్లలు మాస్కులు తీసేసి దుమ్ము పీలుస్తున్నారు. అది బాగుచేయించాకే మిగతా ఏ ఖర్చయినా.

2010 రాజ్యాంగం కెన్యా సంజ్ఞా భాషను పార్లమెంటు అధికార భాషల్లో చేర్చింది. న్గోంగ్ రోడ్డు పక్కన వరసగా ఉన్న ఫర్నిచర్ షెడ్లలో మాత్రం ఒక పూర్వ విద్యార్థి బేరమంతా ఫోన్‌లో టైప్ చేసి చూపిస్తున్నాడు, డబ్బు ఎంపెసా అనే ఫోన్ చెల్లింపుల్లో తీసుకుంటున్నాడు. అతను చేసిన స్టూలు కాళ్లు ఊపి చూశాను, కదల్లేదు.

బయలుదేరడానికి పది రోజుల ముందే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోండి, తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో సర్టిఫికెట్ అడుగుతారు. కనీసం నాలుగు వారాలు పెట్టుకోండి. నా దగ్గర నేర్చుకుంటున్న పిల్లలు బల్లకు కాళ్లు బిగించేలోపే నేను విమానం ఎక్కాల్సి వచ్చింది.