‘చలికాలపు తుప్పు రక్షణ’ ప్యాకేజీ కొనేవారికి హెచ్చరిక

చలికాలమంతా మోటార్ సైకిల్‌ను నిలిపి ఉంచదలచినవారికి కొన్ని వర్క్‌షాపులు ‘సంపూర్ణ తుప్పు రక్షణ’ పేరుతో ఒక ప్యాకేజీని అమ్ముతున్నాయి. బండిని శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరబెట్టిన తరువాతే పూత వేస్తామని రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఆ ప్యాకేజీకి డబ్బు కట్టవద్దని తోటి కొనుగోలుదారులకు మనవి చేస్తున్నాను. అలాంటి ప్యాకేజీ కొన్నందువల్లనే నా బండికి, ఏ రక్షణా లేకుండా ఊరికే ఉంచినదానికన్నా ఎక్కువ నష్టం జరిగిందని నా నమ్మకం. ఎందుకో వివరంగా రాస్తున్నాను.

మంచు కరిగించడానికి ఉప్పు చల్లిన రోడ్ల మీద తిరిగిన బండి అది. కడగడం, ఆరబెట్టడం, తుప్పు నిరోధక పూత వేయడం, కవరు తొడగడం అన్నీ కలిపే ధర చెబుతున్నామని వర్క్‌షాపువారు నోటిమాటగా అన్నారు. బండి తిరిగి వచ్చినప్పుడు తళతళలాడుతూ, మందమైన ప్లాస్టిక్ కవరులో బిగించి ఉంది. చలి తగ్గాక కవరు తీస్తే దాని లోపలి వైపంతా నీటి బొట్లు పట్టి ఉన్నాయి. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు గొట్టాల మీద, లోపలి నూనె బయటికి రాకుండా ఆపే ఆయిల్ సీలుకు కాస్త కిందుగా నారింజరంగు చుక్కలు కనిపించాయి. ఇంజిన్ కేసింగు అంచుల్లో రంగు పొర పైకి లేచి, దాని కింద అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతోంది. అసలు సంగతి వెనుక మడ్‌గార్డు లోపల టార్చి వేసి చూసినప్పుడు బయటపడింది. రోడ్డు బురద ఎక్కడిదక్కడే గట్టిపడి ఉంది, దాని మీద జిడ్డుపూత మెరుస్తోంది. గోటితో గీకితే ఆ పూత బురదతో సహా పెచ్చుగా ఊడివచ్చింది. కడగకుండానే పూత వేశారనడానికి అంతకుమించిన రుజువు అక్కరలేదు. గాయాన్ని కడగకుండా కట్టు కట్టినట్టే అయింది.

ఇందులో జరిగే పని ఏమిటో తెలిస్తే ఎంత ప్రమాదమో అర్థమవుతుంది. ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. ఉప్పులోని క్లోరైడ్ ఆ నీటిని విద్యుత్తు సులభంగా ప్రవహించే ద్రావణంగా మార్చి తుప్పును వేగవంతం చేస్తుంది. అంతేకాక అల్యూమినియం మీద, స్టెయిన్‌లెస్ స్టీలు మీద సహజంగా ఏర్పడే రక్షక ఆక్సైడ్ పొరను అక్కడక్కడా ఛేదించి సన్నని గుంటలు పెడుతుంది. అల్యూమినియం కేసింగులో బిగించిన స్టీలు బోల్టుల దగ్గర ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే రెండు వేర్వేరు లోహాలు ఉప్పునీటిలో కలిసినచోట అల్యూమినియమే ముందుగా కరిగిపోతుంది. పైగా ఉప్పు తనంతట తాను ఆరదు. మామూలు ఉప్పు గాలిలో సాపేక్ష ఆర్ద్రత (గాలి పట్టగలిగినంత తేమలో ఎంత శాతం ఉందన్న కొలత) సుమారు 75 శాతం దాటగానే తేమను పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది. రోడ్ల మీద వాడే మెగ్నీషియం క్లోరైడ్‌కైతే సుమారు 33 శాతమే చాలు. అంటే పైకప్పు ఉన్న షెడ్డులో పెట్టినా, చూడటానికి పొడిగా ఉన్నా, ఉప్పు మిగిలిన బండి లోలోపల తడిగానే ఉంటుంది. దాని మీద నూనె పొర వేస్తే ఉప్పు కిందనే బందీ అయిపోతుంది. ఆ పొర తేమను, ఆక్సిజన్‌ను పూర్తిగా ఆపలేదు.

కవరు ఈ నష్టాన్ని ఇంకా పెంచింది. గాలి ఆడని ప్లాస్టిక్ లోపల తేమ బయటికి పోయే దారి ఉండదు. రాత్రి చల్లబడిన లోహం పగలు గాలి వెచ్చబడినంత త్వరగా వేడెక్కదు కనుక ప్రతి ఉదయం దాని మీద మంచుబిందువులు చేరుతాయి. ‘వాటర్‌ప్రూఫ్’ అన్న మాట ఒక్కటే చూసి కవరు కొనవద్దు. తేమను బయటికి వదిలే గుడ్డ, గాలి ఆడే జాలీలు ఉన్నాయా అన్నది కూడా చూడాలి.

అయితే నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టినది తుప్పు కాదు. ముందు బ్రేకు డిస్కును తెల్లటి గుడ్డతో తుడిస్తే గుడ్డ జిడ్డుగా వచ్చింది. అంటే పిచికారీ చేసినవారు డిస్కును, ప్యాడ్లను దానికి అదిమే క్యాలిపర్‌ను కప్పనేలేదు. నూనె పీల్చుకున్న బ్రేకు ప్యాడ్లను నమ్మదగినట్టుగా శుభ్రం చేయడం సాధ్యం కాదు, మార్చవలసిందే. ఈ సంగతి చూసుకోకుండా రోడ్డెక్కినవారి ప్రాణాలకే ముప్పు.

వర్క్‌షాపువారిని అడిగితే రసీదులో ‘రక్షణ పూత’ అని మాత్రమే ఉందని, కడగడం విడిగా రాయించుకోలేదు కనుక తమ బాధ్యత లేదని, అప్పటికే ఉన్న తుప్పుకు గ్యారంటీ వర్తించదని జవాబిచ్చారు. వాడిన పూత పేరేమిటో కూడా చెప్పలేదు. ఆ పేరు అడిగి తెలుసుకోవడం ముఖ్యం, ఎందుకంటే స్ప్రేలన్నీ ఒకటి కావు. 1953లో తయారైన డబ్ల్యూడీ-40 వంటి పలుచని ద్రవం తడిని తోసివేయడానికి బాగా పనికివస్తుంది. కానీ దానిలో ఎక్కువ భాగం ఆవిరైపోతుంది కనుక దానితోనే చలికాలమంతా గడుస్తుందని ఆశించకూడదు. నెలల తరబడి నిలిచే పొర కోసం విడిగా తయారుచేసిన తుప్పు నిరోధకాలు ఉన్నాయి.

బండితోపాటు వారు ఇచ్చిన సలహా ఒకటి కూడా చెప్పాలి. వారానికోసారి ఇంజిన్‌ను కొద్ది నిమిషాలు తిప్పమన్నారు. ఆ మాట వినకండి. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. సైలెన్సర్ బాగా వేడెక్కక ముందే ఆపేస్తే ఆ నీరు లోపలే నిలిచి దాన్ని లోపలినుంచి తినేస్తుంది.

కొనదలచినవారు రసీదులో ఈ విషయాలు రాయించుకోవాలి: ఇంజిన్ చల్లారాక ఎక్కువ నీటితో, ఘాటులేని సబ్బుతో కడుగుతారని, బేరింగుల మీదికి అధిక పీడనపు నీటిని కొట్టరని, సందుల్లోని నీటిని బ్లోయర్‌తో వెళ్లగొట్టి ఆరబెడతారని, డిస్కులు, ప్యాడ్లు, టైర్లు కప్పి ఉంచుతారని, ఏ పూత వాడతారో దాని పేరుతో సహా చెబుతారని. కడిగిన తరువాత, పూత వేయకముందు, మడ్‌గార్డు లోపలి భాగం ఫొటో పంపమని అడగండి. నిజంగా పని చేసేవారికి అది భారం కాదు.

ఇప్పటికే ఇలాంటి ప్యాకేజీ తీసుకున్నవారు చలికాలం ముగిసేదాకా ఆగవద్దు. కవరు తీసి మడ్‌గార్డు లోపల, వెనుక చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్ కింద, రేడియేటర్ వెనుక టార్చి వేసి చూడండి. బురద కనిపిస్తే పూతను తొలగించి, మళ్లీ కడిగించి, ఆరబెట్టి, కొత్తగా పూత వేయించండి. ఫోర్కు గొట్టం మీది చుక్కలు పైపైన ఉంటే నీటిలో తడిపిన అల్యూమినియం ఫాయిల్‌తో మెల్లగా రుద్దితే పోతాయి. గోటికి గుంట తగిలితే మాత్రం మెకానిక్‌కు చూపించాలి, ఆ గుంట అంచు ఆయిల్ సీలును కోసి ఫోర్కు నూనెను బ్రేకు మీదికి కార్చగలదు. డిస్కులను బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, ప్యాడ్లను చూపించుకుని, మొదటిసారి బయటికి తీసేటప్పుడు వాహనాలు లేని చోట నెమ్మదిగా నడుపుతూ ముందు బ్రేకును పరీక్షించిన తరువాతే రోడ్డెక్కండి.