ఆదివారం ప్రార్థనకి మూడు స్టార్లు, తర్వాత కాఫీకి ఐదు

పోయిన ఏడాది ఏప్రిల్ నుంచి దాదాపు ఆరు నెలలు న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. గుడికి వెళ్ళాలంటే కారులో నలభై నిమిషాలు. తీసుకెళ్ళమని ప్రతివారం అడగడానికి మొహమాటం. నడిచి వెళ్ళే దూరంలో ఉన్నది యూనిటేరియన్ యూనివర్సలిస్టుల చర్చి ఒక్కటే. ఒక ఆదివారం తోచక వెళ్ళాను. "మతం మార్చేస్తారేమో, చూసుకోండి అత్తయ్యగారూ" అని అల్లుడికి టెన్షన్.

మార్చేవాళ్ళెవరూ లేరక్కడ. సిలువ కూడా కనపడలేదు. ముందు గిన్నెలాంటి దీపం ఒకటి వెలిగించి మొదలుపెడతారు. నా వరసలో ఒకావిడ యూదురాలు, ఆమె భర్తకి దేవుడే లేడు, ఇద్దరూ కలిసే పాడుతున్నారు. దేవుడు ఒక్కడే, ముగ్గురు కాదన్నవాళ్ళు యూనిటేరియన్లట. దేవుడు ఎవర్నీ శాశ్వతంగా నరకంలో ఉంచడన్నవాళ్ళు యూనివర్సలిస్టులు. 1961లో రెండూ కలిసిపోయాయి. ఇప్పుడు ఇది నమ్మి తీరాలన్న షరతే లేదు. పాస్టరుని కూడా సభ్యులే ఓట్లేసి ఎన్నుకుంటారు. మా వీధి రామాలయం కమిటీలో ఈ మాటంటే ఏమవుతుందో ఊహించుకుని నవ్వుకున్నాను.

స్టార్లు ఎక్కడ తగ్గించానంటే: ప్రకటనలే పావుగంట. మైకు వెనక వరసలకి సరిగ్గా వినపడదు. ఏసీకి శాలువా తప్పనిసరి. ప్రసంగం సగం నాకు అర్థం కాలేదు, అది వాళ్ళ తప్పు కాదనుకోండి.

మధ్యలో ఒకటి చేస్తారు. సంతోషమో బాధో ఉన్నవాళ్ళు ముందుకెళ్ళి, ఒక గులకరాయి నీళ్ళగిన్నెలో వేసి, రెండు మాటలు చెప్పి వచ్చేస్తారు. ఒక పెద్దాయన చేతికర్రతో మెల్లగా వెళ్ళి రాయి వేసి, "ఇవాళ మా ఆవిడ పుట్టినరోజు. మొదటిసారి తను లేకుండా" అని వచ్చి కూర్చున్నాడు. ఎవరూ కదల్లేదు. మన దగ్గరైతే ఈపాటికి పదిమంది చుట్టూ చేరేవాళ్ళు. ఇదేం మర్యాద అనుకున్నాను. కాఫీ దగ్గర తెలిసింది, ఆ రాళ్ళు వేసినవాళ్ళందర్నీ ఎవరో ఒకరు వెతుక్కుంటూ వస్తారని. ఆయనకి ఒకావిడ కుర్చీ లాగితే, ఇంకొకాయన బిస్కెట్లు తెచ్చిపెట్టాడు. గంటసేపు ఆ భార్య కబుర్లే.

కొత్తవాళ్ళకి ఎర్ర కప్పు ఇస్తారు, చూసి పలకరించడానికి. కాఫీ మాత్రం నీళ్ళే, డికాక్షన్ అన్న మాట ఎరగరు. మా ఊరు రాజమండ్రి అన్నాను. పాస్టరమ్మగారికి రాజమండ్రి తెలీదు గానీ రామ్మోహన్ రాయ్ బాగా తెలుసు! కలకత్తాలో ఆయనకీ యూనిటేరియన్లకీ స్నేహమని చెప్పింది. అయితే మా కందుకూరి వీరేశలింగం గారి సంగతి వినండని 1881లో మా ఊళ్ళో చేయించిన మొదటి వితంతు వివాహం దాకా వచ్చాను. ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, మొదలుపెడితే ఆగను. ఆవిడ కప్పులో కాఫీ చల్లారిపోయింది.

సెప్టెంబరులో, సెలవుల తర్వాత మొదటి ఆదివారం, వేసవిలో ఎక్కడ గడిపారో అక్కడి నీళ్ళు తెచ్చి అందరూ ఒకే గిన్నెలో పోస్తారు. పిల్లాడొకడు సముద్రం నీళ్ళు తెచ్చాడు. ఒకావిడ, "ఎక్కడికీ వెళ్ళలేదు, ఇంటి కుళాయి నీళ్ళే" అంది. నా దగ్గర కోటిలింగాల రేవులో పట్టి, మూతికి సీలు వేయించి తెచ్చుకున్న చిన్న రాగిచెంబు ఉంది. పూజలో పెట్టుకున్నది అక్కడ పొయ్యవచ్చా అని రాత్రంతా ఆలోచించాను. చివరికి సగం పోశాను. మిగతా సగం మా అమ్మాయి దేవుడి అల్మారాలో ఉంది. ఆ గిన్నెలో నీళ్ళు కొన్ని మరిగించి మళ్ళీ ఏడాదికి దాస్తారట.

ఆ రోజే అందరూ తలో వంట తెచ్చుకుని తినడం. ప్రతి గిన్నె ముందూ చీటీ: పాలున్నాయా, గోధుమలున్నాయా, గింజలున్నాయా అని. నా పులిహోర మీద "వేరుశెనగ ఉంది" అని రాయించాను. ఎండుమిర్చి సంగతి రాయాలని తట్టలేదు. పాపం, కుళాయి నీళ్ళావిడ ఒక కాయ మొత్తం నమిలేసింది. మీరు పట్టుకెళితే మిర్చి ఏరేసి పట్టుకెళ్ళండి.